త్రిశూలంలో దాక్కున్న అక్షరం: మూడు బ్రిటిష్ ట్రేడ్ డాలర్ల కేసు

పాత వెండి నాణేలు చూసి అవి ఏ టంకసాలలో అచ్చయ్యాయో తేల్చి చెప్పడం నా పని. వచ్చేవాటిలో ఎక్కువ భాగం పది నిమిషాల్లో తేలిపోతాయి. ఈ కేసుకు మూడు వారాలు పట్టింది. మధ్యలో నా నోటు పుస్తకంలో పెన్నుతో రాసుకున్న ఒక వాక్యాన్ని కొట్టేయాల్సి వచ్చింది. ఆ వాక్యం కోసమే దీన్ని రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. నాణేల తేదీలు, తూకాలు మాత్రం నా పుస్తకంలో ఉన్నవే.

నేపథ్యం

ఉత్తరాంధ్ర తీరం నుంచి మలయా తోటలకు పనికి వెళ్లినవాళ్లు చాలామంది. అలా వెళ్లొచ్చిన ఒక ముత్తాత తెచ్చిన నాణేలు ఇవి. ఇత్తడి మరచెంబులో మొత్తం 14 ఉన్నాయి. డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు వాటిని పాత పంచె గుడ్డలో చుట్టి తెచ్చారు. ఆయనకు ఒక అక్క, ఒక తమ్ముడు. ముగ్గురూ నాణేలు పంచుకోవాలనుకున్నారు.

పది బ్రిటిష్ ట్రేడ్ డాలర్లు. ఒకటి అమెరికా ట్రేడ్ డాలర్, 1877 నాటిది. రెండు మెక్సికో ఎనిమిది రియాళ్లు, మెక్సికో వెండి డాలర్ అంటే ఇదే. ఇవి కాక 1921 తేదీ ఉన్న ఇంకో బ్రిటిష్ ట్రేడ్ డాలర్. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ నాణేల కథ కొంత తెలిస్తే తప్ప మిగతాది అర్థం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం చైనా రేవుల్లో, మలయా జలసంధి రేవుల్లో మెక్సికో వెండి డాలర్‌దే రాజ్యం. అమెరికా 1873లో తన ట్రేడ్ డాలర్‌తో పోటీకి దిగింది, అది ఎక్కువ కాలం నిలవలేదు. చివరికి 1895లో బ్రిటన్ తన సొంత డాలర్ తెచ్చింది. హాంకాంగ్‌కూ, సింగపూర్, పెనాంగ్ ఉన్న స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్‌కూ ఉద్దేశించిన ఈ డాలర్‌లో అత్యధిక భాగం తయారైంది మన బొంబాయి టంకసాలలో. 1893లోనే భారత ప్రభుత్వం ప్రజలు తెచ్చిన వెండిని రూపాయలుగా అచ్చేసి ఇవ్వడం ఆపేసింది. అంతంత పెద్ద యంత్రాలున్న టంకసాలలకు పని తగ్గిన సమయమది. ఆ ఖాళీలోకి ఈ డాలర్ వచ్చింది.

తూకం 416 గ్రెయిన్లు, అంటే 26.957 గ్రాములు. మన లెక్కలో రెండుంపావు తులాలకు కాస్త ఎక్కువ. వెయ్యికి 900 పాళ్లు వెండి, మిగతాది రాగి. వ్యాసం 39 మిల్లీమీటర్లు. బొమ్మ వైపు ఒక చేత త్రిశూలం, ఒక చేత డాలు పట్టుకుని సముద్రపు ఒడ్డున నిలబడ్డ బ్రిటానియా, వెనక తెరచాపల ఓడ. బొరుసు వైపు నడిమధ్యన దీర్ఘాయువును సూచించే చైనా అక్షరం. దాని చుట్టూ లతల అల్లిక, చైనా లిపిలో 'ఒక డాలర్', అరబ్బీ అక్షరాల మలయ్‌లో 'ఒక రింగిట్'. చెక్కినవాడు జార్జ్ విలియం డి సాల్స్.

ఏ టంకసాలదో చెప్పేది ఒక్క చిన్న అక్షరం. బొంబాయిదైతే 'బి', అదీ త్రిశూలం నడిమి మొన మీద, గుంటగా దిగి ఉంటుంది. కలకత్తా 1900 నుంచి 1902 వరకు మాత్రమే ఈ డాలర్లు అచ్చేసింది. దాని గుర్తు 'సి' త్రిశూలం మీద ఉండదు. బ్రిటానియా ఎడమ పాదానికీ డాలు అడుగుకూ మధ్య నేల మీద ఉంటుంది. లండన్ టంకసాల 1925లో, 1930లో ముద్రించింది. వాటి మీద ఏ గుర్తూ ఉండదు.

ఏం అడిగారు

పెద్దాయన మూడు నాణేలు విడిగా తీసి నా ముందు పెట్టారు. ఒకటి 1900, రెండు 1901. "ఇవి లండన్‌వి బాబూ. మా మనవడు ఫోన్లో చూశాడు. బి లేదు కాబట్టి లండన్ అట. చాలా అరుదట. మా తమ్ముడు ఈ మూడూ తనకిచ్చేసి మిగతా పదకొండూ మా ఇద్దర్నీ పంచుకోమంటున్నాడు. మీరు కాగితం మీద రాసిస్తే అలాగే చేసేస్తాం."

నాకు భయమేసింది. నా కాగితం మీద ఒక కుటుంబం పంపకాలు చేసుకోబోతోంది.

'గుర్తు లేకపోతే లండన్' అన్న సూత్రం 1925కూ, 1930కీ సరిపోతుంది. 1900కు దాన్ని యథాతథంగా అంటించకూడదు. కేటలాగులు గుర్తు లేని 1900, 1901 నాణేలను నమోదు చేసిన మాట నిజమే. కానీ అలా నమోదై ఉన్నాయి గనక మన చేతిలోదీ అదే అనుకోవడానికి వీల్లేదు. గుర్తు కనిపించకపోవడానికి నా లెక్కలో నాలుగు కారణాలుండొచ్చు: అచ్చులోనే అక్షరం లేకపోవడం, అక్షరం అరిగిపోవడం, ఏదో కూరుకుపోవడం, ఎవరో కావాలని చెరిపేయడం. ఈ నాలుగిటికీ నాలుగు వేర్వేరు జవాబులు.

పెద్దాయన ఇంకో మాట కూడా అడిగారు. విదేశాల్లో నాణేలకు గ్రేడింగ్ చేసే కంపెనీలున్నాయట కదా, అక్కడికి పంపితే తేలిపోదా అని. ఆ దారి లేదని మొదటి రోజే చెప్పేశాను. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని మామూలు మనిషి దేశం దాటించకూడదు. 1900 నాటి నాణెం కొరియర్‌లో పెట్టడం నేరమవుతుంది. ఏది తేల్చినా ఇక్కడే తేల్చాలి.

మొదట చేసినవి

ముందు తూకం. 1900ది 26.71 గ్రాములు. 1901ల్లో ఒకటి 26.80, రెండోది 26.48. ఆ తర్వాత నీటి తూకం. నాణేన్ని సన్నని దారంతో నీళ్లలో వేలాడదీసి ఎంత తగ్గిందో చూడటం. 1900ది 2.59 గ్రాములు తగ్గింది. 26.71ని 2.59తో భాగిస్తే 10.31. తొంభై పాళ్ల వెండి, పది పాళ్ల రాగికి రావాల్సిన అంకె అదే. మిగతా రెండూ అంతే. లోహం సరైనదే.

ఇక్కడ ఒక విషయం నాకు నేనే గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. ఈ పరీక్షలు అసలో నకిలో చెబుతాయి. టంకసాల గురించి ఒక్క ముక్క కూడా చెప్పవు. మూడు టంకసాలలకూ ఒకే తూకం, ఒకే లోహం, ఒకే బొమ్మ. మంచి అంకెలు చూడగానే మనసుకు ఒక ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పేస్తుంది. 

తర్వాత పది రెట్ల భూతద్దం, పైనుంచి తెల్లటి ఎల్‌ఈడీ వెలుగు. మూడు నాణేల నడిమి మొనలూ నున్నగా కనిపించాయి. అదే మరచెంబులోని ఇంకో 1900 నాణెం మీద 'బి' స్పష్టంగా ఉంది, కాబట్టి చూడాల్సిన చోటే చూస్తున్నాను. అప్పుడే పుస్తకంలో రాశాను: "1900 ఒకటి, 1901 రెండు: గుర్తు లేదు."

ఆ వాక్యమే తప్పు. నేను చూసింది 'కనిపించడం లేదు' అని. రాసింది 'లేదు' అని.

ఏవి ఫలించలేదు

ఫొటోలతో రెండు రోజులు పోయాయి. మనవడు పంపిన ఫోన్ ఫొటోలు, నేను తీసినవి, పోలిక కోసం నా దగ్గర దాచుకున్న 1900 బొంబాయి నాణేల ఫొటోలు పక్కపక్కన పెట్టి అంకెల మధ్య ఎడం కొలిచాను. ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు నాణేలకు చిన్న చిన్న లోపాలు కూడా ఒకేలా ఉంటాయి. గుర్తున్న బొంబాయి నాణెంతో అచ్చు కలిస్తే పని అయిపోయినట్టే. కలవలేదు. కలవకపోవడంలో వింత లేదు. 1901లో ఒక్క బొంబాయిలోనే 2 కోట్ల 50 లక్షలకు పైగా డాలర్లు అచ్చయ్యాయి. అన్ని నాణేలకు ఎన్ని అచ్చులు వాడి ఉంటారో ఊహించండి. కలిస్తే రుజువు దొరికేది, కలవనంత మాత్రాన ఏదీ తేలదు. పైగా ఈ రోజుల్లో ఫోన్ కెమెరా తనకు తానే గీతలు పదును చేస్తుంది, మచ్చలు నున్నన చేస్తుంది. ఒక మిల్లీమీటరు కూడా లేని అక్షరం దాని చేతిలో బతకదు.

సూదితో గీకి చూడమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఒప్పుకోలేదు. మొన మీద సూది మొన ఒక్కసారి జారితే అక్కడ గీత పడుతుంది, ఆ గీత రేపు నాకే 'బి' నిలువు గీతలా కనిపిస్తుంది. వెతుకుతున్న చోట నేనే ఆనవాలు పుట్టించకూడదు.

దారి దొరికిన చోటు

నాలుగో రోజు ఫోన్ చేసి పెద్దాయన్ని ఒక మాట అడిగాను. ఈ నాణేలు ఇన్నాళ్లూ ఎక్కడ ఉన్నాయి, ఏం చేసేవారు?

"ఏం చేస్తామండీ, దీపావళికి లక్ష్మీపూజలో పెడతాం. మా అమ్మ చింతపండుతో తోమి, గంధం రాసి కుంకుమ బొట్టు పెట్టేది. ఇప్పుడు మా కోడలు పెడుతోంది."

"బొట్టు ఏ వైపు పెడతారండీ?"

"అమ్మవారి బొమ్మ వైపు. చేతిలో త్రిశూలం ఉంది కదా, మా అమ్మ అమ్మవారనే అనుకునేది."

ఫోన్ పెట్టేశాక నాణేన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. డెబ్బై ఎనభై దీపావళులు. నూనె చేతులతో గంధం, కుంకుమ, పసుపు. చింతపండు పులుపు పైపైన తోమేసింది. గుంటలో దిగినది మాత్రం అక్కడే గట్టిపడి ఉంటుంది. బొంబాయి అక్షరం గుంటగా ఉండేది కాబట్టి దాని గతి ఇదే. ఉబ్బెత్తు అక్షరమైతే బొట్టు కింద కూడా తడిమితే తగిలేది.

ఇప్పుడు శుభ్రం చేయాలా వద్దా అన్నది ప్రశ్న. పాత నాణేన్ని తోమొద్దని నేను అందరికీ చెబుతాను. నాణెం మీద ఏళ్ల తరబడి ఏర్పడ్డ పొర దాని చరిత్రలో భాగం. కానీ ఇక్కడ పోవాల్సింది లోహం పొర కాదు, పైనుంచి చేరిన జిడ్డు. ఎసిటోన్ వెండిని తాకదు, నూనెనూ రంగునూ కరిగిస్తుంది. అందుకే దానికి సిద్ధపడ్డాను. గోళ్ల రంగు తుడిచే ద్రవం కాదు, అందులో వేరే నూనెలు కలుపుతారు. లాబొరేటరీకి అమ్మే స్వచ్ఛమైన ఎసిటోన్. గాజు గిన్నె, తెరిచిన కిటికీ, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, పెద్దాయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేశాను. ఆయన చూడకుండా ఆయన నాణెం మీద ఏ ద్రవమూ పోయదలచుకోలేదు.

అరగంటకు గిన్నెలో ద్రవం లేత పసుపుకు తిరిగింది. ఆయన దాన్నే చూస్తూ, "మా అమ్మ పసుపు" అన్నారు. ఇంకేం అనలేదు. రెండోసారి కొత్త ఎసిటోన్, మూడోసారి ఇంకోసారి. తర్వాత ఒక రాత్రంతా డిస్టిల్డ్ వాటర్‌లో. ఎక్కడా బ్రష్ తగిలించలేదు. పొద్దున గిన్నె అడుగున గంధం నలకలు సన్నటి పొడిలా పేరుకుని ఉన్నాయి.

సాయంత్రం గదిలో దీపాలన్నీ ఆర్పి, చిన్న టార్చిని బల్ల మీద దాదాపు పడుకోబెట్టి, నాణెం అంచు వైపు నుంచి వెలుగు వేశాను. టార్చిని కదపలేదు. నాణేన్నే కొద్ది కొద్దిగా తిప్పుతూ పోయాను. పైనుంచి వేసిన వెలుగు గుంటను నింపేస్తుంది, పక్కవాటు వెలుగుకు గుంట ఒక ఒడ్డున నీడ పడుతుంది. ముక్కాలు చుట్టు తిరిగాక నడిమి మొన కింది భాగంలో అర్ధచంద్రాకారంలో ఒక నీడ మెరిసి, ఇంకాస్త తిప్పేసరికి మాయమైంది. వెనక్కి తిప్పితే మళ్లీ వచ్చింది. 'బి' కింది పొట్ట.

అక్కడితో ఆగిపోవాలనిపించింది. ఆగలేదు. మొన పక్కనే ఒక చాప్ ముద్ర ఉంది. ఆ దెబ్బకు లోహం నొక్కుకుని వంకర గీత పడి ఉండొచ్చు కదా?

ఈ చాప్ ముద్రల గురించి ఒక మాట. చైనా వర్తకులు వెండి డాలర్ చేతికొస్తే పరీక్షించి, మంచిదేనని తమ ముద్ర కొట్టేవారు. డబ్బు పరీక్షించే మనిషిని ఆ రేవుల్లో 'ష్రాఫ్' అనేవారు. మన షరాబు కూడా అదే మాట. అరబ్బీ 'సర్రాఫ్' నుంచి రెండూ వచ్చాయి. హాంకాంగ్ గల్లాపెట్టె దగ్గరి మనిషికీ, మన ఊళ్లో గీటురాయి పట్టుకున్న మనిషికీ ఒకటే పేరు. ఈ మరచెంబులో ఏడు నాణేల మీద అలాంటి ముద్రలున్నాయి, అమెరికా డాలర్ మీదైతే అయిదు. వాటిని కొందరు గాయాలనుకుని తక్కువ చేస్తారు. నాకు అవి ఆ నాణెం నడిచిన దారిలో పడ్డ సంతకాలు.

సందేహం తీర్చుకోవడానికి అచ్చు తీశాను. పళ్ల డాక్టర్లు వాడే మెత్తటి సిలికాన్ ముద్ద నాణెం మీద అద్ది, గట్టిపడ్డాక ఊడదీస్తే, గుంటగా ఉన్నది ఉబ్బెత్తుగా వస్తుంది. మనిషి కంటికి గుంటకంటే గుట్ట తేలిగ్గా కనిపిస్తుంది. రంగు, మెరుపు, మచ్చ ఏవీ మోసం చేయవు, మిగిలేది ఆకారమొక్కటే. మూడు నాణేలకూ తీశాను. పోలికకు అదే మరచెంబులోని స్పష్టమైన 1900 'బి'కీ, నా దగ్గరున్న 1930 లండన్ నాణేనికీ తీశాను. ఆ లండన్ నాణెం ఎందుకంటే, నిజంగా అక్షరం లేని మొన ఎలా ఉంటుందో ముందు నేను చూడాలి.

అయిదు సిలికాన్ ముక్కల వెనకా అంకెలు మాత్రం వేసి, సంగతేమీ చెప్పకుండా తోటి పరిశీలకుడొకరికి ఇచ్చాను. మొన మీద ఏముందో చెప్పమన్నాను, అంతే. స్పష్టమైన 'బి'నీ పెద్దాయన 1900 నాణేన్నీ ఒక పక్క పెట్టారాయన. రెండో దానికి నిలువు గీత, కింది పొట్ట ఉన్నాయి, పై పొట్ట అరిగిపోయింది అన్నారు. గీత ఎత్తు, మొన మీద దాని చోటు, వాలు మొదటిదానితో సరిగ్గా సరిపోయాయి. చాప్ దెబ్బ అంత పొందికగా ఒక అక్షరాన్ని రాయదు. ఎవరైనా చెరిపే ప్రయత్నం చేశారా అని కూడా చూశాం. అలా చేస్తే మొన ఉపరితలం పక్క మొనలకంటే కిందికి దిగుతుంది, సన్నటి గీతలు ఒకే దిక్కుకు ఉంటాయి. రెండూ లేవు.

1900 నాణెం బొంబాయిదే. పుస్తకంలో వాక్యం కొట్టేశాను.

రెండో నాణెం, మూడో నాణెం

1901ల్లో 26.80 గ్రాముల నాణెం నాకు ఎక్కువ పాఠం చెప్పింది, ఎందుకంటే దాన్ని తేల్చడానికి ఏ పరీక్షా అక్కర్లేకపోయింది. సిలికాన్ ముక్కలో త్రిశూలం నున్నగా వచ్చింది, లండన్ దానిలాగే. ముక్కను పక్కన పెట్టబోతూ కిందికి చూశాను. పాదానికీ డాలుకూ మధ్య 'సి'. కలకత్తా. నాణెం మీద కూడా భూతద్దానికి చక్కగా కనిపిస్తోంది. మొదటి రోజు నుంచీ అది అక్కడే ఉంది. మనవడు త్రిశూలమే చూశాడు. ఆ మాట విన్నాక నేనూ త్రిశూలమే చూశాను. అడిగినాయన వేలు ఎటు చూపితే మన చూపు అటే పోతుంది.

ఆ ఏడు కలకత్తా ముద్రించినవి 15 లక్షల పైచిలుకు మాత్రమే. బొంబాయి లెక్క పక్కన పెడితే పదిహేనో వంతు కూడా లేదు. లండన్‌ది కాకపోయినా మరచెంబులో బొంబాయివి కాని బ్రిటిష్ డాలర్లలో నేను గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే.

26.48 గ్రాముల మూడో నాణెం తేలలేదు. దాని త్రిశూలం తల మీదే పెద్ద చాప్ ముద్ర పడింది. నడిమి మొన చదునైపోయింది. పాదం దగ్గర 'సి' లేదు, ఆ చోటు మాత్రం బాగా ఉంది, కాబట్టి కలకత్తాది కాదనగలను. మొన మీద ఒకప్పుడు 'బి' ఉందో లేదో చెప్పే లోహమే అక్కడ మిగల్లేదు. సిలికాన్ చూసిన మిత్రుడు కూడా దాన్ని రెండు వైపులా పెట్టలేక మధ్యలో ఉంచారు. నా కాగితం మీద "గుర్తు పరిశీలించే వీలు లేదు. కలకత్తాది కాదు. బొంబాయిది కావడానికే అవకాశం ఎక్కువ, రుజువు లేదు" అని రాశాను. తమ్ముడుగారికి ఈ వాక్యం నచ్చలేదు. "లేదనో ఉందనో రాయండి" అని ఫోన్లో రెండుసార్లు అడిగారు. ఆయన కోపం నాకు అర్థమైంది. కానీ అంతకుమించి ఒక్క అక్షరం రాసినా అది నాణెం చెప్పింది కాదు, నేను చెప్పినదవుతుంది.

1921 సంగతి

పద్నాలుగో నాణెం గురించి ఎవరూ అడగలేదు. దాని మీద 'బి' మిగతా అన్నిటికంటే కొట్టొచ్చినట్టుగా ఉంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

నాకు అనుమానం తేదీ దగ్గర మొదలైంది. మిగతా బ్రిటిష్ డాలర్లన్నీ 1897 నుంచి 1901 మధ్యవి. స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ 1903లో తన సొంత డాలర్ తెచ్చుకుంది. 1904 కల్లా బ్రిటిష్, మెక్సికో డాలర్ల చెలామణీ అక్కడ ఆగిపోయింది. వెనక్కి తీసుకున్న వాటిని ఓడల్లో బొంబాయికి పంపి కరిగించి కొత్త డాలర్లుగా అచ్చేశారు. పెనాంగ్‌లో జీతం తీసుకున్న మనిషి మూటలో 1901తో తేదీలు ఆగిపోవడం చరిత్రకు సరిగ్గా సరిపోతుంది. ఇరవయ్యేళ్ల తర్వాతి తేదీ ఆ మూటలో పుట్టదు, ఎవరో చేర్చాలి. 1921లో బొంబాయి ముద్రించినవి 50 వేల పైచిలుకు మాత్రమే. ఈ వరసలో అరుదైన తేదీల్లో అదొకటి, అందుకే నకిలీలు చేసేవాళ్లకు ఇష్టమైన తేదీ.

తూకం 22.94 గ్రాములు. నీళ్లలో తగ్గింది 2.58. భాగిస్తే 8.89. వెండి కానే కాదు, రాగి నికెల్ కలిసిన లోహానికి వచ్చే అంకె. బొరుసు వైపు మలయ్ అక్షరాలు చూస్తే ఆ లిపి రానివాడు బొమ్మ చూసి గీసినట్టు ముద్దకట్టి ఉన్నాయి. పెద్దాయన్ని అడిగితే చాలాసేపు ఆలోచించి, చనిపోయిన బంధువొకరు ఎప్పుడో ఎక్కడో కొని "జతలో వేద్దాం" అని మరచెంబులో వేశారని గుర్తు చేసుకున్నారు.

మిగతా మూడూ మామూలు. అమెరికా డాలర్ 27.1 గ్రాములు, బొరుసు మీద గద్ద కింద శాన్‌ఫ్రాన్సిస్కో 'ఎస్'. మెక్సికో నాణేలు రెండూ జకాటెకాస్ టంకసాలవి.

నా పని పద్ధతిలో మారినవి

నోటు పుస్తకంలో 'గుర్తు లేదు' అన్న మాట వాడటం మానేశాను. ఇప్పుడు మూడు మాటలే ఉన్నాయి: 'కనిపించింది', 'ఆ చోటు బాగుంది, కనిపించలేదు', 'ఆ చోటు చెడిపోయింది'. రెండో మాటకూ మూడో మాటకూ మధ్య ఉన్న తేడాయే ఈ కేసంతా.

గుర్తు వెతికే ముందు, ఆ నాణెం మీద గుర్తులుండే చోట్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, అడిగినవాళ్లు చెప్పిన చోటును అన్నిటికంటే చివర చూస్తున్నాను.

నాణెం ఏమిటి అని అడిగే ముందు, ఎక్కడ దాచారు, దేనితో తోమారు, దాని మీద ఏం పెట్టారు అని అడుగుతున్నాను. మొదటి రోజే అడిగి ఉంటే నాలుగు రోజులు మిగిలేవి. మన ఇళ్లలో వెండి నాణెం సొమ్ము మాత్రమే కాదు, పూజాద్రవ్యం కూడా. ఆ రెండో జీవితం కూడా నాణెం మీద రాసి ఉంటుంది. పుస్తకాల్లోని చిత్రాలతో పోల్చేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే పొరపడతాం.

గుంటగా దిగే గుర్తుకూ, ఉబ్బెత్తు గుర్తుకూ వేరువేరుగా ఆలోచిస్తున్నాను. ఉబ్బెత్తుది అరిగి పోతుంది. గుంటది రెండు విధాలా పోతుంది: చుట్టూ లోహం అరిగీ, లోపల మట్టి నిండీ. రెండో విధంగా పోయింది తిరిగొస్తుంది.

ఆ తర్వాత

పంపకాల రోజు నన్ను పిలవలేదు, పిలవాల్సిన అవసరం కూడా లేదు. ఎవరు ఏవి తీసుకున్నారో పెద్దాయనే తర్వాత చెప్పారు. కలకత్తా నాణెం తమ్ముడికి వెళ్లింది. ఏ టంకసాలదో తేలని నాణేన్ని అక్కగారు కావాలని తీసుకున్నారట, దాని మీది పెద్ద ముద్ర చిన్నప్పుడు తన వేలికి తగిలేదని. 1921దాన్ని ఎవరూ పారేయలేదు. 'నకిలీ, వెండి కాదు' అని నేను రాసిచ్చిన చీటీతోనే విడిగా ఒక కవర్లో పెట్టి మరచెంబులో ఉంచారు.

పెద్దాయన వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మరి దీపావళికి పూజలో పెట్టుకోవచ్చా బాబూ?" అని అడిగారు. పెట్టుకోమన్నాను. గంధం, కుంకుమ మాత్రం పళ్లేనికి పెట్టి, నాణేలను తమలపాకు మీద ఉంచమన్నాను.

"అమ్మవారికి బొట్టు లేకుండానా?" అన్నారు.

కాసేపు ఆలోచించి, బొరుసు వైపు పెట్టమన్నాను, అక్కడ అక్షరం దాక్కునే చోటు లేదని.

"అలాగే, ఆ వైపే పెట్టిస్తాను" అని మరచెంబు గుడ్డలో చుట్టుకుని బయల్దేరారు.